వీడియో ద్వారా కీళ్ళు, కండరాల పరీక్ష

వీడియో ద్వారా కీళ్ళు, కండరాల పరీక్ష అనగా రోగి ఒకచోట, వైద్యుడు వేరొకచోట ఉండి, కెమెరా ద్వారా ఒకరినొకరు చూసుకుంటూ, కదలికల సాయంతో కీళ్ళు, కండరాలు, స్నాయుబంధనాలు, వెన్నెముకల స్థితిని అంచనా వేసే పద్ధతి. ఇది దూరవైద్యంలో ఒక భాగం. గుండె చప్పుడును పరికరంతోను, కంటి లోపలి భాగాన్ని ఛాయాచిత్రంతోను దూరానికి పంపవచ్చును. కీళ్ళ పరీక్ష మాత్రం సంప్రదాయంగా వైద్యుని చేతివేళ్ళ మీద ఆధారపడినది. కాబట్టి ఈ పద్ధతి ఎంతవరకు నమ్మదగినది అన్న ప్రశ్న మొదటినుండి ఉన్నది. దీనికి సమాధానం ఒకే అంకెలో ఇమడదు. కంటికి కనిపించే కదలికల విషయంలో వీడియో దాదాపు ప్రత్యక్ష పరీక్షతో సమానంగా పనిచేస్తుంది. తాకి తెలుసుకోవలసిన విషయాలలో బాగా వెనుకబడుతుంది. ఏది ఏ కోవకు చెందుతుందో తెలిసి ఉండటమే ఇందులో ముఖ్యం.

నేపథ్యం

తెలుగు నేలపై దూరవైద్యం చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామంతో మొదలైనది. అపోలో సంస్థ అక్కడ నెలకొల్పిన గ్రామీణ దూరవైద్య కేంద్రాన్ని 2000 మార్చి 24న, అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు పర్యటన సందర్భంగా లాంఛనంగా ప్రారంభించాడు. మరుసటి ఏడాది భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ (ఇస్రో) ఉపగ్రహాల ద్వారా దూరవైద్య ప్రయోగాలు చేపట్టింది. ఎక్సురే, గుండె విద్యుల్లేఖనం వంటి నిశ్చల చిత్రాలను పంపడానికి ఆ ఏర్పాట్లు బాగా సరిపోయేవి. రోగిని నడిపించి, వంచి, చేయి ఎత్తించి చూడటానికి కావలసిన నిలకడైన వీడియో సామాన్యుల చేతికి వచ్చినది చవకైన స్మార్టుఫోన్లు, నాలుగవ తరం మొబైలు సేవలు వ్యాపించిన తరువాతనే.

2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని సేవ మొదలైనది. దీనిని మొహాలీలోని సీ-డాక్ కేంద్రం రూపొందించింది. గ్రామస్థాయి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని ఎదుట కూర్చోబెట్టుకొని వైద్యునితో మాట్లాడించడం ఇందులో ఒక పద్ధతి. కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, రోగి తన ఇంటినుండే నేరుగా వైద్యునితో మాట్లాడే రెండవ పద్ధతి చేరినది. కీళ్ళ పరీక్షకు సంబంధించినంతవరకు ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. మొదటిదానిలో రోగి పక్కన శిక్షణ పొందిన రెండు చేతులు ఉన్నాయి, రెండవదానిలో లేవు.

పాలకుర్తి వంటి మండల కేంద్రానికి ఈ విషయం ఎందుకు ముఖ్యమో చెప్పడం కష్టం కాదు. పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన ఈ ఊరు వరంగల్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో జనగామ జిల్లాలోకి వచ్చింది. ఈ ప్రాంతంలో వంగి నాట్లు వేసే, కలుపు తీసే స్త్రీలకు నడుము, మోకాలు. తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులకు భుజం, వెన్ను. మగ్గం గుంటలో కూర్చొనే నేత పనివారికి మెడ, నడుము ముందుగా దెబ్బతింటాయి. కీళ్ళవాత నిపుణులు మాత్రం ఎక్కువగా హైదరాబాదులో ఉంటారు. నిపుణుని చూడాలంటే జనగామకో, వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రికో, హైదరాబాదు నిమ్స్‌కో పోవాలి. కూలి పోతుంది, తోడుగా వచ్చేవారి కూలి కూడా పోతుంది. వీడియో పరీక్ష ఆ ప్రయాణాన్ని తప్పించగలదా, లేక పోవలసినవారిని పోనీయకుండా ఆపుతుందా అన్నదే అసలు సమస్య.

దర్శనం, ప్రశ్న, స్పర్శనం

ఆయుర్వేద గ్రంథాలు రోగి పరీక్షను మూడు విధాలుగా చెప్పాయి: చూచుట, తాకుట, అడుగుట. వాగ్భటుని అష్టాంగహృదయంలోను, చరకసంహితలోను ఈ విభజన కనిపిస్తుంది. ఆధునిక ఎముకల వైద్యులు కూడా విద్యార్థులకు చూడు, తాకు, కదిలించు అనే వరుసనే నేర్పుతారు. వీడియో ఈ మూడింటిలో చూచుటను, అడుగుటను పూర్తిగా ఇస్తుంది. తాకుటను ఇవ్వదు. కదిలించుటలో సగమే ఇస్తుంది, ఎందుకంటే రోగి తనంతట తాను చేసే కదలిక వేరు, వైద్యుడు పట్టుకొని చేయించే కదలిక వేరు.

ఈ సగం ఎంత విలువైనదో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక గీత కార్మికుడు కుడిచేయి భుజానికి పైకి లేవడంలేదని చెప్పాడనుకుందాం. కారణం భుజం చుట్టూ ఉండే కండరపు నరం (స్నాయువు) తెగడం కావచ్చు, కీలు పొర బిగుసుకుపోయి ఫ్రోజన్ షోల్డర్ కావడం కావచ్చు. వీడియోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి: చేయి సగం లేచి ఆగిపోతుంది. ఇప్పుడు పక్కనున్నవారు ఆ చేతిని మెల్లగా పట్టుకొని పైకెత్తితే, మొదటి రోగిది చాలావరకు లేస్తుంది, రెండవ రోగిది అక్కడే బిగిసి నిలుస్తుంది. మొదటివానికి స్కానింగు, బహుశా శస్త్రచికిత్స అవసరం. రెండవవానికి వ్యాయామం, ఓపిక, మధుమేహ పరీక్ష అవసరం. పక్కన ఎవరూ లేకపోతే రోగి తన ఎడమచేతితోనే కుడిచేతిని ఎత్తి చూపవచ్చును. తెలివైన వైద్యులు వీడియోలో చేయించేది ఇదే.

కచ్చితత్వాన్ని కొలిచే విధానం

ఒక పరీక్ష కచ్చితత్వాన్ని రెండు కొలతలతో చెబుతారు. జబ్బు ఉన్నవారిలో ఎంతమందిని పరీక్ష పట్టుకున్నదో తెలిపేది సున్నితత్వం. జబ్బు లేనివారిలో ఎంతమందిని సరిగా లేదని చెప్పినదో తెలిపేది నిర్దిష్టత.

లెక్క కోసం మాత్రమే ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మోకాలి నొప్పితో వచ్చిన 100 మందిలో 20 మందికి నిజంగా బంధనం తెగినది. వీడియో పరీక్ష సున్నితత్వం 70 శాతం, నిర్దిష్టత 90 శాతం అనుకుంటే, ఆ 20 మందిలో 14 మంది దొరుకుతారు, 6 గురు తప్పిపోతారు. మిగిలిన 80 మందిలో 72 మందికి లేదని సరిగా తేలుతుంది, 8 మందికి లేనిది ఉన్నట్టు తోస్తుంది. ఉన్నదని తేలిన 22 మందిలో 14 మంది నిజమైన రోగులు. ఇదే పరీక్షను ఒక ఊరి శిబిరంలో 1000 మందికి చేశారనుకుందాం, వారిలోనూ 20 మందికే తెగినది. ఇప్పుడు దొరికేది అదే 14 మంది, కాని లేనిది ఉన్నట్టు తోచేవారు 98 మంది. ఉన్నదని తేలిన 112 మందిలో ప్రతి ఎనిమిది మందికి ఒక్కరే అసలు రోగి. పరీక్ష మారలేదు, పరీక్షించబడినవారు మారారు. "మా వీడియో పరీక్ష 90 శాతం కచ్చితం" అన్న ప్రకటన ఎదురైనపుడు ఎవరిలో, ఏ జబ్బుకు అని అడగాలి.

మరొక కొలత ఇద్దరు పరీక్షకుల మధ్య ఏకీభావం. 100 మందిలో 5 గురికే వాపు ఉంటే, ఇద్దరు వైద్యులూ కళ్ళు మూసుకొని అందరికీ "లేదు" అన్నా వారు నూటికి నూరుపాళ్ళు ఏకీభవించినట్టే. ఇటువంటి కాకతాళీయ ఏకీభావాన్ని తీసివేసి లెక్కగట్టడానికి జేకబ్ కోహెన్ 1960లో కప్పా అనే సూచికను ప్రతిపాదించాడు. (ఇది గ్రీకు అక్షరం పేరు, మన బావిలోని కప్పతో దీనికి చుట్టరికం లేదు.) కప్పా విలువ 1 అయితే సంపూర్ణ ఏకీభావం, 0 అయితే నాణెం ఎగరవేసినట్టు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. వీడియో పరీక్షను దేనితో పోల్చాలి? సాధారణంగా అదే రోగిని ఎదురుగా చూసిన మరొక వైద్యుని నిర్ణయంతో పోలుస్తారు. అయితే ఎదురుగా చూసిన ఇద్దరు వైద్యులు కూడా అన్నివేళలా ఏకీభవించరు. మోకాలి వంపును గోనియోమీటరు అనే కోణమానినితో కొలిచినపుడు సుమారు 5 డిగ్రీల తేడాను కొలతలో సహజమైన పొరపాటుగానే పరిగణిస్తారు. కాబట్టి వీడియో తప్పులన్నీ వీడియో వల్ల వచ్చినవి కావు.

పరిశోధనల ఫలితాలు

ఈ రంగంలో ఆస్ట్రేలియాకు చెందిన ట్రెవర్ రస్సెల్, ఆయన సహచరుల కృషి ముఖ్యమైనది. అంతర్జాలం ద్వారా మోకాలి కోణాన్ని కొలవవచ్చునా అన్న ప్రశ్నతో వారి వ్యాసం 2003లో వెలువడింది. మోకాలి కీలు మార్పిడి జరిగిన 65 మందితో వారు చేసిన యాదృచ్ఛిక ప్రయోగం 2011లో ప్రచురితమైంది. అంతర్జాలం ద్వారా వ్యాయామ చికిత్స పొందినవారు, ఆసుపత్రికి వచ్చి పొందినవారికి తీసిపోకుండా కోలుకున్నారని అందులో తేలింది.

నడుము నొప్పిపై ట్రూటర్, రస్సెల్, ఫారీ 2014లో ప్రచురించిన అధ్యయనం చిన్నదే అయినా (26 మంది రోగులు) దాని ఫలితాలు ఆలోచింపజేసేవి. ఏ కదలికకు నొప్పి వస్తున్నది అన్న విషయంలో వీడియో, ప్రత్యక్ష పరీక్షలు బాగా ఏకీభవించాయి. కదలిక ఎంతమేరకు ఉన్నది అన్న విషయంలో ఏకీభావం ఒక మోస్తరు. రోగి నిలుచున్న తీరును అంచనా వేయడంలోను, కదలిక ఎందుకు ఆగిపోతున్నదో చెప్పడంలోను అది బలహీనంగా ఉన్నది. సురేశ్ మణి, సహచరులు 2017లో ప్రచురించిన క్రమబద్ధ సమీక్ష పలు అధ్యయనాలను పరిశీలించి ఇటువంటి నిర్ణయానికే వచ్చింది. నొప్పి, వాపు, కదలిక పరిధి, కండరబలం, సమతౌల్యం, నడక వంటివాటికి వీడియో అంచనా మంచి ఫలితాలనిచ్చింది. నడుము భంగిమ, ప్రత్యేక కీళ్ళ పరీక్షలు, నరాల సాగుదలను చూసే పరీక్షలు, శస్త్రచికిత్స మచ్చల అంచనా విషయంలో ఫలితాలు తక్కువనుండి మధ్యస్థంగా ఉన్నాయి.

ఈ అధ్యయనాలలో చాలావాటిలో రోగులు తక్కువ, వెలుతురు మంచిది, కెమెరా నిలకడైనది, చూసేవారు అనుభవజ్ఞులు. వాటి అంకెలను తెచ్చి, సందేశం మధ్యలో తెగిపోయే ఫోనుతో, ఇంటి అరుగు మీద జరిగే పరీక్షకు అంటగట్టడం సబబు కాదు. 2020లో కోవిడ్ కారణంగా అమెరికాలో లాస్కోవ్‌స్కీ బృందం, తనకా బృందం వీడియో కీళ్ళ పరీక్షను దశలవారీగా వివరించే వ్యాసాలు ప్రచురించాయి. అవి ఎలా చేయాలో చెప్పిన మార్గదర్శకాలే గాని, ఎంత కచ్చితమో కొలిచినవి కావు.

చూపుకు అందేవి

నడక వీడియోలో బాగా కనిపిస్తుంది. తుంటి కండరాలు బలహీనమైతే ఒంటికాలిపై నిలిచినపుడు ఎదుటి వైపు కటి కిందికి జారుతుంది, పాదం వేలాడితే అడుగు ఎత్తి వేస్తారు. భుజం పక్కనుంచి పైకి లేచేటప్పుడు సుమారు 60 నుండి 120 డిగ్రీల మధ్యనే నొప్పి వస్తే అది భుజపు స్నాయువులు నలుగుతున్నట్టు సూచన. ముఖంలోని బాధ కూడా తెర మీద కనిపిస్తుంది కాబట్టి వైద్యుడు ఆ కోణాన్ని సులభంగా పట్టుకోగలడు. 1992లో డోహర్టీ, సహచరులు ప్రతిపాదించిన గాల్స్ అనే సంక్షిప్త పరీక్షలో (నడక, చేతులు, కాళ్ళు, వెన్నెముక అన్న నాలుగు ఆంగ్ల పదాల మొదటి అక్షరాలు) చాలా అంశాలు రోగి తానే చేసి చూపేవి. పిల్లల కోసం 2006లో వచ్చిన దాని రూపాంతరాన్ని కోవిడ్ కాలంలో వీడియోకు అనువుగా మలిచారు.

తెలుగు ఇళ్ళలోని మామూలు పనులే చాలా విషయాలు చెబుతాయి. జడ వేసుకోవడానికి భుజం పైకి లేచి బయటికి తిరగాలి. వీపు వెనుక ముడి వేసుకోవడానికి లోపలికి తిరగాలి. అన్నం కలిపి ముద్ద చేయడానికి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవాలి. సకిలముకిలం పెట్టుకొని కూర్చోవడానికి తుంటి, మోకాలు రెండూ సహకరించాలి. గొంతుకు కూర్చొని చేయి ఆనించకుండా లేవడానికి తొడ కండరాలకు బలం కావాలి. ఇవి వైద్యునికి మంచి ఆనవాళ్ళు. వీటిని కొలిచిన కచ్చితత్వం గల పరీక్షలుగా మాత్రం భావించరాదు.

కండరాల బలాన్ని బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇచ్చిన 0 నుండి 5 వరకు ఉన్న మెట్లతో కొలుస్తారు. గురుత్వాకర్షణకు ఎదురుగా కదిలితే 3, ఎదురొత్తిడిని తట్టుకొని కదిలితే 4, సంపూర్ణ బలమైతే 5. వీడియోలో 3 వరకు చూడవచ్చును. ఎదురొత్తడానికి చేయి లేదు కాబట్టి 4కు 5కు తేడా తెలియదు. దీనికి మార్గం రోగి శరీర బరువునే ఎదురొత్తిడిగా వాడుకోవడం. ఒంటికాలి మునివేళ్ళపై పలుమార్లు లేవగలిగితే పిక్క కండరం బలంగా ఉన్నట్టు. మడమలపై నడవగలిగితే పాదాన్ని ఎత్తే కండరం పనిచేస్తున్నట్టు. ఈ చిన్న ఉపాయం చేతితో నొక్కి చూసే పరీక్షకంటే కొన్నిసార్లు మెరుగైనది కూడా, ఎందుకంటే పిక్క బలం ముందు వైద్యుని చేయి ఎప్పుడూ ఓడిపోయేదే.

చూపుకు అందనివి

చేతివేళ్ళ కణుపులు ఉబ్బిన ఇద్దరు స్త్రీలు ఉన్నారనుకుందాం. ఒకరిది వయసుతో వచ్చిన అరుగుదల, ఉబ్బు గట్టిగా ఎముకలా ఉంటుంది. మరొకరిది రుమటాయిడ్ కీళ్ళవాతం, ఉబ్బు మెత్తగా, నొక్కితే అణిగేలా ఉంటుంది. ఛాయాచిత్రంలోను, వీడియోలోను రెండూ ఉబ్బులే. వేలితో నొక్కినవారికి క్షణంలో తెలిసే తేడా ఇది. అయితే రెండవ స్త్రీకి మెథోట్రెక్సేట్ వంటి మందు కొద్ది నెలలలోనే మొదలుపెట్టకపోతే కీలు శాశ్వతంగా వంకరపోవచ్చు. "నొప్పి మాత్రలు వాడండి, మళ్ళీ చూద్దాం" అన్న మాట మొదటామెకు హాని చేయదు, రెండవామెకు చేస్తుంది. ఇటువంటపుడు అడుగుటే చూచుటను ఆదుకుంటుంది: పొద్దున లేచాక వేళ్ళు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయి? అరగంట దాటి, పని చేసేకొద్దీ వదులైతే వాతం వైపు అనుమానం మళ్ళుతుంది. అనుమానం కలిగితే రక్తపరీక్ష, ప్రత్యక్ష పరీక్ష తప్పవు.

కీలు వేడిగా ఉన్నదా అన్నది వీడియో చెప్పదు. ఎరుపు గోధుమవన్నె చర్మం మీద ఎదుటనే సరిగా కనిపించదు. చిత్రాన్ని కుదించి పంపే ఫోనులో ఇంకా తక్కువ. మోకాలిలో కొద్దిపాటి నీరు చేరితే చిప్పను నొక్కి, పక్కలకు నిమిరి చూడాలి. ముందరి క్రూసియేట్ బంధనం తెగినదా అని చూసే లాక్‌మన్ పరీక్షలో వైద్యుని రెండు చేతులూ కావాలి, పైగా ఆ అనుభూతి చేతిలోనే ఉంటుంది. నరాల ప్రతిక్రియలను సుత్తి లేక చూడలేము. తుంటి నరం నొప్పికి చేసే కాలు ఎత్తే పరీక్షలో పరీక్షకుడే కాలు ఎత్తాలి. రోగి తనంతట ఎత్తితే పొట్ట, తొడ కండరాలు బిగిసి వేరే నొప్పి పుట్టవచ్చు.

ఇందులోనుండి వచ్చే జాగ్రత్త ఒకటి. వీడియోలో "వాపు కనిపించింది" అన్నది సాధారణంగా నమ్మదగిన మాట. "వాపు కనిపించలేదు" అన్నదానికి వాపు లేదని అర్థం చెప్పుకోరాదు.

ఫ్లోరోసిస్: తాకనవసరం లేని పరీక్ష

తెలుగు ప్రాంతంలో వీడియోకు సరిగ్గా అమరే కీళ్ళ పరీక్ష ఒకటున్నది. తాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు, బంధనాలు గట్టిపడే జబ్బు ఫ్లోరోసిస్. నాటి మద్రాసు రాజధానిలో దీనిని 1937లో షార్ట్, సహచరులు వర్ణించారు. నల్గొండ జిల్లా పేరు దీనితో దేశమంతటా తెలిసింది. జనగామ జిల్లా నల్గొండకు దూరమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

క్షేత్రస్థాయి సిబ్బంది వాడే మూడు తేలిక పరీక్షలున్నాయి. మోకాళ్ళు వంచకుండా నేలమీది నాణేన్ని తీయడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం, చేతులు చాచి మోచేయి మడిచి తలవెనుక తాకడం. మూడింటిలోను ఎవరూ రోగిని తాకరు కాబట్టి దూరం వల్ల పోయేది చాలా తక్కువ. అయితే ఈ పరీక్షలకు ఒక లోపం వాటిలోనే ఉన్నది: నడుము బిగిసే ఇతర జబ్బులున్నా నాణెం అందదు, వయసు మళ్ళినా అందదు. కాబట్టి నీటిలోను మూత్రంలోను ఫ్లోరైడు కొలిచి, ముంజేతి ఎక్సురేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడినదా అని చూసిన తరువాతే నిర్ధారిస్తారు.

కెమెరా, వెలుతురు, దుస్తులు

వీడియో తెర సమతలం, శరీరం కాదు. మోకాలి వంపును పక్కనుంచి కాక ఏటవాలుగా చూస్తే కోణం తప్పుగా కనిపిస్తుంది. కెమెరా కదలిక జరిగే తలానికి లంబంగా, ఆ కీలు ఎత్తులోనే ఉండాలి. ఫోనును చేతిలో పట్టుకోకుండా దేనికైనా ఆనించి పెట్టడం మేలు. నడక చూడాలంటే నాలుగైదు అడుగులు వేసే చోటు, తలనుండి పాదం వరకు కనిపించే దూరం కావాలి. వెలుతురు రోగికి ఎదురుగా ఉండాలి. వెనుక తలుపు తెరిచి ఉంటే నీడబొమ్మే కనిపిస్తుంది. సంకేతం బలహీనమైనపుడు వీడియో ఆగి ఆగి కదులుతుంది, అప్పుడు కుంటి నడకకు, అంతర్జాలపు కుంటి నడకకు తేడా తెలియదు. అటువంటపుడు ముందుగా చిత్రీకరించిన చిన్న వీడియోను పంపడం మంచిది.

చీర, పంచె కింద మోకాలు కనిపించదు. మోకాళ్ళ వరకు జరుపుకోమని తెరమీది అపరిచితుడు చెబితే మన ఊళ్ళలో చాలామంది స్త్రీలు జరుపుకోరు, నొప్పి తగ్గిందని చెప్పి లేచిపోతారు. పక్కన మహిళా ఆరోగ్య కార్యకర్త ఉండటం మర్యాద కోసమే కాదు, పరీక్ష కచ్చితత్వం కోసం కూడా.

ఆ చివర ఉండే చేతులు

ఉపకేంద్రంలోని నర్సుకు లేదా మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి కొన్ని పనులు నేర్పితే వీడియో పరీక్షలోని లోటు కొంత పూడుతుంది. చేతి వెనుకభాగంతో రెండు మోకాళ్ళను తాకి వేడి పోల్చడం, వేళ్ళ మొదళ్ళను అడ్డంగా నొక్కి నొప్పి అడగడం, భుజాన్ని తానే ఎత్తి చూడటం, కాలు నిటారుగా ఎత్తి నొప్పి మోకాలి కిందికి పాకుతున్నదా అని అడగడం ఇందులోనివి. వైద్యుడు తెరమీద చూస్తూ "ఇంకొంచెం పైకి, ఆగండి" అని చెప్పగలడు. బంధనాల పరీక్షలను ఇలా అప్పగించలేము. వాటికి ఏళ్ళ సాధన కావాలి.

భారతీయ నిబంధనలు

2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం దూరవైద్య ఆచరణ మార్గదర్శకాలను వెలువరించింది. వీటి ప్రకారం వీడియో, ధ్వని, రాత మూడింటిలో ఏది సరిపోతుందో, అసలు దూరవైద్యం సరిపోతుందో లేదో నిర్ణయించే బాధ్యత వైద్యునిదే. శరీర పరీక్ష తప్పనిసరి అయిన సందర్భంలో, ప్రత్యక్ష పరీక్ష ఏర్పాటయ్యేవరకు వైద్యుడు ముందుకు సాగరాదని ఇవి స్పష్టంగా చెబుతున్నాయి.

వీడియోతో ఆగకూడని సందర్భాలు

జ్వరంతోపాటు ఒక కీలు ఒక్కసారిగా వాచి, కదిలిస్తే భరించలేని నొప్పి వస్తే కీలులో చీము చేరిందేమో చూడాలి. సూదితో నీరు తీసి పరీక్షించడమే మార్గం, ఆలస్యమైతే కీలు కొద్ది రోజులలోనే పాడవుతుంది. నడుము నొప్పితో పాటు మూత్రం బిగపట్టడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తిమ్మిరి, రెండు కాళ్ళ బలహీనత ఉంటే అది వెన్ను చివరి నరాలు నొక్కుకుపోయిన అత్యవసర స్థితి. చెట్టుపైనుండి పడినవారిని కూర్చోబెట్టి, వంచి వీడియోలో చూపించడం ప్రమాదకరం. వెన్నెముక విరిగి ఉంటే ఆ కదలికతోనే కాళ్ళు పడిపోవచ్చు. వారిని కదలకుండా పలకపై పడుకోబెట్టి 108 వాహనంలో తరలించాలి. కుంటుతూ కాలు మోపనని ఏడ్చే పసిబిడ్డ, కాన్సరు చికిత్స పొందినవారికి కొత్తగా వచ్చిన ఎముక నొప్పి, రాత్రి నిద్రలో కూడా తగ్గని వెన్నునొప్పి కూడా ఈ కోవలోనివే. వీటిలో ఏది వినిపించినా వైద్యుడు తెరమీద చేయవలసిన పరీక్ష ఏదీ లేదు. ఏ ఆసుపత్రికి, ఎంత త్వరగా వెళ్ళాలో చెప్పడానికే ఆ పిలుపు ఉపయోగపడుతుంది.